పచ్చ చుక్క మీద అనుమానం

ఒక అబద్ధాన్ని గొంతులో పెట్టుకుని నేను ఏళ్ల తరబడి వేదికలెక్కాను. నిజం గురించి మాట్లాడాను. రుజువు అడగండి అన్నాను. ఎవరి మాటనూ ఊరికే నమ్మకండి అన్నాను. జనం చప్పట్లు కొట్టారు. ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుంటే ముద్ద దిగేది కాదు. తర్వాత్తర్వాత దిగడం మొదలుపెట్టింది. అది ఇంకా దారుణం. కాల్లో విరిగిన ముల్లు మీద చర్మం మూసుకున్నట్టు నా అబద్ధం మీద నా పేరు మూసుకుంది. నడవగలను, పరుగెత్తగలను. నొక్కితే మాత్రం తెలుస్తుంది.

ఈ మధ్య ఒకరు నొక్కారు. అందుకే మీతో చెబుతున్నాను.

మీరు నన్ను చదివినవారే అయితే ‘దీక్ష తాగేసిన మనిషి’ అనే వ్యాసం గుర్తుండే ఉంటుంది. అయ్యప్ప మాల వేసుకుని, ఎముకలు కలిశాయన్న మూఢభయంతో ఉప్పూ బలమూ ఇచ్చే పదార్థాలను ముట్టకుండా, ఉత్త నీళ్ల మీద మారథాన్ పరుగెత్తి పడిపోయిన అబిడ్స్ వ్యాపారి కథ అది. ఎన్నో సభల్లో చదివారు. కాలేజీ పిల్లలు వక్తృత్వ పోటీల్లో అప్పజెప్పారు. అందులో రాసినవేవీ జరగనివి కావు. అయినా అది అబద్ధం. నిజాలన్నిటినీ వరసగా పేర్చి అబద్ధం కట్టవచ్చని నాకు ఆ వ్యాసమే నేర్పింది.

కింద పేరు పెట్టను. ఆ వ్యాసం చదివినవాళ్లకు నా పేరు అక్కర్లేదు. వాళ్లు గుర్తుపట్టాలి కూడా. ఇక్కడి మిగతా పేర్లు మాత్రం మార్చాను.

దామోదర్‌ది అబిడ్స్‌లో కళ్లద్దాల దుకాణం. తాత పెట్టింది. ఇద్దరు గిరాకీలు లోపలుంటే మూడోవాడు మెట్టు మీద నిలబడాలి. లెన్సు అంచు అరగదీసి ఫ్రేములో కూర్చోబెట్టేటప్పుడు దామోదర్ ఊపిరి బిగబట్టేవాడు. మనం కూడా తెలియకుండానే బిగబట్టేవాళ్లం. నేను నాంపల్లిలో ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తాను. నా కళ్లద్దాలన్నీ అతను చేసినవే, ఇప్పుడు పెట్టుకున్నవి తప్ప.

మమ్మల్ని కలిపింది పరుగు. నలభై దాటాక షుగరు భయంతో నాంపల్లి తోటలో పొద్దున్నే పరుగెత్తడం మొదలుపెట్టిన గుంపు మాది. గుంపులో నాకూ దామోదర్‌కూ దగ్గరివాడు పోశెట్టి, బడిపంతులు. పరుగయ్యాక స్టేషన్ దగ్గరి ఇరానీ హోటల్లో ముగ్గురం కూర్చునేవాళ్లం. చాయ్ మీద వాదన. నాకైతే ఆ వాదనే అసలు వ్యాయామం. పదహారేళ్ల వయసులో నేను వాదన నేర్చుకున్నది అబిడ్స్ వెనక సందులో, ఒక మేడ మీది చదువుల గదిలో. ఆదివారాలు అక్కడ కులం మీద, జాతకాల మీద, వితంతువుల పెళ్లిళ్ల మీద చర్చలు జరిగేవి. పెద్దలు ఒక కట్టుబాటు పెట్టారు. ఎదుటివాడి మాటను ముందు నీ నోటితో సరిగ్గా చెప్పు. ‘ఔను, నేనన్నది ఇదే’ అని అతను ఒప్పుకున్నాకే ఖండించు. ఆ కట్టుబాటు వల్లే నాకు వాదన మీద ప్రేమ పుట్టింది. కాలం గడిచేకొద్దీ నా దగ్గర ఖండించడం ఒక్కటే మిగిలింది.

దామోదర్ ఏటా కార్తీకంలో మాల వేసుకునేవాడు. నల్ల బట్టలు, చెప్పుల్లేని కాళ్లు, ఒంటిపూట భోజనం. మాల వేసుకున్నాక హోటల్ చాయ్ ముట్టడు. అయినా మా కోసం వచ్చి కూర్చునేవాడు, ఇంటి నుంచి తెచ్చుకున్న స్టీలు గ్లాసులో నీళ్లు పోసుకుని. దీక్షలో ఉన్నవాడు ఎదుటివాడినెవరినైనా స్వామి అనే పిలవాలి. నన్నూ అలాగే పిలిచేవాడు. నాకు ఒళ్లు మండేది.

ఆ ఏడు ఊరి ఉత్తరపు అంచున ఉన్న సైనిక స్థావరంలో మారథాన్ పెట్టి, మామూలు జనాన్నీ రానిచ్చారు. మా గుంపులో అందరికంటే ముందు పేరిచ్చింది దామోదరే. కారణం అడిగితే నవ్వాడు. ‘మాల మీద ఉత్తకాళ్లతోని ఉరకాలె గదా స్వామీ. మన రోడ్ల మీద ఉరికితే గాజుపెంకులు, ఉమ్ములు. మిలిట్రీ రోడ్లయితే ఊడ్చి పెడ్తరు.’ ఏటా నలభై రోజులకు పైగా ఉత్తకాళ్లతో తిరిగి తిరిగి అతని అరికాళ్లు రబ్బరులా అయ్యాయి. ఆ కాళ్లతోనే నెలల తరబడి సాధన చేశాడు. తెలివి తక్కువవాడు కాదు. పుస్తకాలు చదివి పరుగెత్తేవాడిని నేనైతే, ఒళ్లు తెలిసి పరుగెత్తేవాడు అతను. ఎన్ని మైళ్లకు జెల్ పొట్లం చించాలి, ఎప్పుడు నీళ్లలో ఉప్పు బిళ్ల కలుపుకోవాలి, అన్నీ సాధనలో సరిచూసుకున్నాడు. జెల్ అంటే పరుగెత్తేవాళ్లు మధ్యలో మింగే తియ్యటి చిక్కటి ముద్ద. బలం కోసం.

ఇంతవరకూ ఎక్కడా మూఢత్వం లేదు. గమనించారా? ఆ వ్యాసంలో ఈ సాధన గురించి నేను ఒక్క ముక్క రాయలేదు.

పరుగుకు రెండు రోజుల ముందు, అదే హోటల్, అదే బల్ల. వాదన నేనే మొదలుపెట్టాను.

“నన్ను స్వామి అనకు దామోదర్. మంచిగ పేరు వెట్టి పిలువు.”

“మాల మీదున్న, ఎట్ల పిలుస్త స్వామీ? నీల గూడ ఉన్నడు గదా అయ్యప్ప.”

“నాల లేడు.”

“ఉన్నడు. నువ్వు తలుపు తీస్తలేవు గంతే.”

పోశెట్టి చాయ్‌లో బిస్కట్ ముంచుతూ అందుకున్నాడు. “ఏడ ఉంటడు స్వామీ? లోపట గంత లొల్లి వెడ్తుంటే ఆయనే కిరాయికి వేరే ఇల్లు సూస్కున్నడు.”

దామోదర్ నవ్వాడు. పక్క బల్ల వాళ్లు కూడా నవ్వారు. చాయ్ పోసేవాడు నవ్వాడు. పెద్ద విషయమేమీ కాదు. స్నేహితుల మధ్య ఇలాంటివి రోజుకు పది. కానీ నేను నవ్వలేదు. అప్పటికే నాలుగైదు రోజులుగా అతని మెత్తటి జవాబులకు నా దగ్గర జవాబు లేకుండా పోతోంది. ఊళ్లో వేలమంది నోళ్లు మూయించినవాణ్ని, ఒక కళ్లద్దాలవాడు చాయ్ బల్ల మీద నన్ను ఓడిస్తున్నాడు. ఈ మాట రాస్తుంటే సిగ్గుగా ఉంది. కానీ అసలు మూలం ఇదే. సిద్ధాంతం కాదు. పక్క బల్ల వాళ్ల నవ్వు.

పోశెట్టి బడికి టైమవుతోందని లేచి వెళ్లిపోయాడు. మేమిద్దరమే మిగిలాం.

“ఎల్లుండి తొవ్వల ఏం తింటవు?” అన్నాను.

“ఏముంది, జెల్లు. ఇన్ని నెలల సంది గదే కద. గురుస్వామిని గూడ అడిగిన. పండ్ల రసమసొంటిదే, తీస్కో అన్నడు.”

“గురుస్వామికేం ఎరుక? జెల్లు గట్ల చిక్కగ ఎందుకుంటదనుకున్నవు?”

“ఎందుకు?”

“జెలటిన్. ఎముకలు, తోళ్లు ఉడకవెట్టి తీస్తరు.”

అతను గ్లాసు బల్ల మీద పెట్టాడు. “ఉత్తగ అంటున్నవు. పొట్లం మీద శాకాహారమని పచ్చ చుక్క ఉన్నది. నేను సూసే కొన్న.”

“చుక్క ఎవలు వెట్టిన్రు? బయటి దేశంల తయారైతది. ఈడికి వచ్చినంక స్టిక్కర్ అంటిస్తరు. ఎవడో అంటించిన చుక్కను కండ్లు మూసుకొని నమ్ముతవా? నేను గిన్నేండ్ల సంది మొత్తుకునేది గిదే గదా. దేన్నైనా అనుమానించాలె.”

“మరి ఉప్పు బిళ్లలు?”

“అదే కంపెనీ గదా.”

అతను బల్ల మీదికి వంగాడు. నా ముఖంలోకి చూశాడు. కళ్లద్దాలు చేసేవాడి చూపు. ముక్కు మీద ఫ్రేము సరిగ్గా కూర్చుందా లేదా అని చూసే చూపు. “నిజమేనా? నువ్వు సదివినవా?”

“సదివిన.”

“అయితే ఖతం. నువ్వు సదివినవంటే సదివినట్టే. దేవునికి మొక్కవు గని, నువ్వు అబద్ధమాడవు.”

నేను చదివిన మాట నిజమే. నా దగ్గరా అవే పొట్లాలు ఉన్నాయి. చిక్కదనం పండ్ల తొక్కల నుంచి తీసిన పదార్థం వల్ల వస్తుందని పొట్లం వెనక చిన్న అక్షరాల్లో ఉంది. అతను చేసిచ్చిన కళ్లద్దాలతోనే ఆ అక్షరాలు చదివాను. చదివి, తిరగేసి చెప్పాను.

ఎందుకు? ఇన్నేళ్లుగా నన్ను నేను అడుగుతున్నాను. అతనికి హాని చేయాలని కాదు. ఆ మాట నమ్మండి, నమ్మకపోయినా నష్టం లేదు. నేను వేసింది ఒక వల. అతను ఆ జెల్‌ను ఎలాగూ తింటాడనుకున్నాను. సగం దారిలో కాళ్లు పీకుతుంటే, ఎముక ఉందని తెలిసీ చించి మింగుతాడు. అప్పుడు వచ్చే ఆదివారం ఉపన్యాసంలో ‘ఆకలేస్తే భక్తుడికి ఎముక కూడా ప్రసాదమే’ అనవచ్చు. ఆ వాక్యం నా తలలో అప్పటికే తయారుగా ఉంది. సంఘటన కంటే ముందు దాని మీద వాక్యం రాసిపెట్టుకున్న మనిషిని ఏమంటారు? ఇలాంటి పనికే జ్యోతిష్కులను మోసగాళ్లని నేను ఎన్నిసార్లు తిట్టలేదు!

అతను తినలేదు. అంత సులభమైన సంగతి నాకు తట్టలేదు. విశ్వాసం ఉన్నవాడు నిజంగానే విశ్వాసం ఉన్నవాడై ఉండవచ్చని నా తర్కంలో చోటే లేదు.

పరుగు రోజు తెల్లవారుతుండగా స్థావరం గేటు దగ్గర దిగాం. అక్కడ ఫోన్లన్నీ గుడ్డసంచుల్లో వేసి ఇచ్చేయాలి. లోపల ఫొటోలు తీయకూడదు. ఇంటివాళ్లెవరూ రాకూడదు గనక దామోదర్ భార్య సుగుణ, ఇంకా కొందరి ఆడవాళ్లు గేటు బయట చాపలు పరుచుకుని కూర్చున్నారు. ఒక సుబేదారు మా నంబర్లు చూసి, దారి తప్పవద్దని, గీత దాటవద్దని గట్టిగా చెప్పాడు. పోశెట్టి సెల్యూట్ కొట్టబోతే దామోదర్ చేయి పట్టి ఆపాడు.

ఆ రోడ్ల గురించి చెప్పాలి. నాంపల్లి, ఉస్మాన్‌గంజ్ రోడ్ల మీద పెరిగిన ప్రాణాలు మావి. అక్కడ ఎవరూ హారన్ కొట్టలేదు. చెట్ల మొదళ్లన్నిటికీ ఒకే ఎత్తున ఎర్రమట్టి, సున్నం. ఎండుటాకు కూడా లేదు. మా గుంపులో కొందరికి ఆ నిశ్శబ్దంలో భయమేసిందని తర్వాత చెప్పారు. సొంత ఊపిరి అంత గట్టిగా ఎప్పుడూ వినలేదట. క్వార్టర్ల దగ్గర పిల్లలు పళ్లేల్లో కమలాతొనలు పట్టుకుని బారుగా నిలబడ్డారు. వాళ్ల అమ్మలు చప్పట్లు కొడుతుంటే ఆ చప్పట్లు కూడా కవాతులా వినిపించాయి. నీళ్ల బల్లల దగ్గర జవాన్లు గ్లాసు అందించి ‘శాబాష్’ అనేవారు. ఆటోవాళ్ల తిట్లు తింటూ పరుగెత్తిన మాకు అది తెలియకుండానే కళ్లనీళ్లు తెప్పించింది. సైన్యం మీద, జెండా మీద నాకు ఎన్ని ప్రశ్నలున్నా, ఆ పొద్దు ఆ గౌరవం నాకు నచ్చింది. ఒప్పుకుంటున్నాను.

దామోదర్ నా పక్కనే. నల్ల లుంగీ బదులు నల్ల నిక్కరు, నల్ల బనీను, మెడలో మాల. నడుముకు పట్టీ లేదు. అంటే పొట్లాలు లేవు. చూశాను. ఏమీ అనలేదు.

ఒక నీళ్ల బల్ల దగ్గర మలయాళీ జవాను ఒకతను అతని మాల చూసి మురిసిపోయాడు. “స్వామియే!” అని అరిచాడు. “శరణమయ్యప్పా!” అన్నాడు దామోదర్. జవాను రెండు చేతులతో నీళ్లిచ్చాడు, ఇంకో గ్లాసు ఇచ్చాడు, తీర్థంలా. దారి ఒకే చుట్టును పదేపదే తిరుగుతుంది గనక ప్రతిసారీ ఆ బల్లే వచ్చేది. ప్రతిసారీ రెండు గ్లాసులు. పక్కనే ఉప్పూ చక్కెరా కలిపిన నారింజ రంగు నీళ్లు కూడా పెట్టారు. జవాను అవి ఇవ్వబోతే దామోదర్ వద్దన్నాడు. “రంగు నీళ్లల్ల ఏం కలిపిన్రో ఎవలికెరుక స్వామీ” అని నాతో అన్నాడు. నేను నేర్పిన అనుమానం అది. పచ్చ చుక్క దగ్గర మొదలై అన్నిటికీ పాకింది. జెల్ లేని లోటు నీళ్లతో తీరుతుందనుకున్నాడు. ఉప్పంతా చెమటలో పోతోంది, లోపలికి ఉత్త నీళ్లు పోతున్నాయి. ఆ సంగతి నాకు పుస్తకాల్లో తెలుసు. అక్కడ గుర్తు రాలేదా? వచ్చింది. ఒకటి రెండుసార్లు వచ్చింది.

నా నడుముకు జెల్ పొట్లాలు వేలాడుతున్నాయి. అడుగుతాడని చూశాను. ‘ఏదైతే అదైతది, ఒకటియ్యి’ అంటాడని. ఆ మాట కోసం అతని పక్కన పరుగెత్తుతూ కాచుకుని ఉన్నాను. స్నేహితుడి పక్కన పరుగెత్తుతున్నానని జవాన్లు మా ఇద్దరికీ చప్పట్లు కొట్టారు.

ఎండ ఎక్కాక అతని వేళ్లు ఉబ్బాయి. ఉంగరం బిగుసుకుంది. మాట తడబడింది. “దుకాణం తాళం వేసిననా?” అని రెండుసార్లు అడిగాడు. అలసట అనుకున్నాను. అలా అనుకోవడం నాకు అనుకూలంగా ఉంది కాబట్టి అనుకున్నాను. ‘జెల్ తిను, దాంట్లో ఎముక లేదు, నేను అబద్ధం చెప్పాను’ అని చెప్పడానికి ఎంత ఊపిరి కావాలి? ఒక గుక్క. ఆ గుక్క దాచుకుని నేను ముందుకు వెళ్లిపోయాను. పరుగు పూర్తి చేశాను. కవాతు మైదానంలో బ్యాండు వాయించారు, మెడలో పతకం వేశారు. అతను పడిపోయిన సంగతి నాకు పోశెట్టి చెప్పాడు. రోడ్డు మీద వంకర్లు తిరుగుతూ కొట్టుకున్నాడట. ఆ మలయాళీ జవానే ఒళ్లో పెట్టుకుని అంబులెన్సు వచ్చేదాకా కూర్చున్నాడట.

స్థావరం దవాఖానలో ఒక మహిళా డాక్టరు నన్ను పిలిచింది. ఆయన ఏం తిన్నాడు, ఏం తాగాడు, మీరు కలిసే పరుగెత్తారు కదా అని అడిగింది.

“దీక్షలో ఉన్నాడు, నీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు,” అన్నాను.

ఎంత చక్కటి జవాబు చూడండి! ఒక్క అక్షరం తప్పు లేదు. చికిత్స దానివల్ల మారేదేమీ కాదు. ఒంట్లో ఉప్పు పడిపోయిందని రక్తపరీక్షే చెప్పింది. కానీ కథ అక్కడ మారిపోయింది. డాక్టరు తల ఊపింది. గేటు నుంచి లోపలికి రానిచ్చిన సుగుణ ఆ మాట విన్నది. పోశెట్టి విన్నాడు. అంతే. లోపల ఫోన్లు లేవు, ఫొటోలు లేవు, ఏ నీళ్ల బల్ల దగ్గర ఎవరేమన్నారో చెప్పేవాళ్లు లేరు. జరిగినదానికి సాక్షి నేనొక్కణ్నే. ఆ సాక్షి నోటికి జనంలో విలువ ఎక్కువ.

దామోదర్ బతికాడు. కుడిచేయి వణుకు మిగిలింది. మాట విడివిడిగా వస్తుంది. లెన్సు కూర్చోబెట్టలేడు. దుకాణం మేనల్లుడు నడుపుతున్నాడు. దామోదర్ గల్లా పక్కన కుర్చీలో కూర్చుని వచ్చేపోయేవాళ్లను చూస్తాడు. నేను ఆ దారిన వెళ్లాల్సి వస్తే అవతలి ఫుట్‌పాత్ మీద నడిచేవాణ్ని.

వ్యాసం అతను దవాఖానలో ఉండగానే రాశాను. ఎందుకంత తొందర? నేను రాయకపోతే ఎవరైనా అడుగుతారని. ‘జెల్ ఎందుకు మానేశాడు?’ అని ఒక్కరు అడిగితే చాలు. అడగకముందే జవాబు అచ్చు వేయించాను. ‘ఎముక ఉందన్న పుకారును నమ్మి’ అని రాశాను. పుకారు! పుకారుకు నోరు ఉండదు, ఇల్లు ఉండదు, ఇరానీ హోటల్లో ఒక బల్ల ఉండదు. ఎంత హాయైన పదం!

ఇప్పుడు మీరనవచ్చు, అయినా అతను నమ్మాడు కదా, మూఢనమ్మకమే కదా అని. నేనూ ఎన్నో రాత్రులు ఆ మాట వెనక దాక్కున్నాను. దాక్కోనివ్వలేదు నా చదువే. దామోదర్ దేన్ని నమ్మాడు? పొట్లం చూశాడు. పచ్చ చుక్క చూశాడు. గురుస్వామిని అడిగాడు. సాధనలో ఒంటి మీద పరీక్షించుకున్నాడు. రుజువులన్నీ అతని దగ్గర ఉన్నాయి. ఆ రుజువులన్నిటినీ పక్కనపెట్టి ఒక్క మనిషి మాటను నమ్మాడు. ఆ మనిషి నేను. అతను గుడ్డిగా నమ్మింది అయ్యప్పను కాదు. బాబాలను నమ్మే జనం మీద నిప్పులు కక్కిన నేను, నన్ను నమ్మిన ఒకణ్ని ఏం చేశాను? బాబాలు చేసేదే.

ఈ కార్తీకంలో సుగుణ ఫోన్ చేసింది. చాదర్‌ఘాట్‌లో వాళ్ల ఇల్లు. “అన్నా, ఒకపారి ఇంటికి రా. మల్ల మాల ఏస్కుంటనంటుండు. నా మాట ఇంటలేడు. నీ మాటైతే ఇంటడు.”

వెళ్లాను. అప్పుడు తెలిసింది, ఏటా ఇదే జరుగుతోందని. ఏటా అతను మాల అడుగుతాడు, ఏటా ఆమె నా వ్యాసం తీసి ముందు పెడుతుంది. ‘నీ దోస్తే రాసిండు గదా, సదువు’ అంటుంది. పిల్లలూ అదే అంటారు. తన ఇంట్లో తన మాటకు విలువ లేని మనిషిగా అతణ్ని కూర్చోబెట్టింది వణికే చేయి కాదు. నా వ్యాసం.

దామోదర్ నన్ను చూసి సంతోషపడ్డాడు. కుర్చీ చూపించాడు. “నువ్వు... సెప్పు. నువ్వు... సదువుకున్నోనివి. ఏస్కోవచ్చా?”

మళ్లీ నన్నే అడుగుతున్నాడు. ఇంత జరిగాక కూడా తీర్పు నా చేతిలో పెట్టి, నా ముఖంలోకి చూస్తున్నాడు. అప్పుడు చెప్పాను. ఎంతో కాలంగా సిద్ధం చేసుకున్న వాక్యాలేవీ రాలేదు. ఆ జెల్‌లో ఎముక లేదని, నాకు అప్పుడే తెలుసని, నిన్ను ఓడించడానికి అబద్ధం చెప్పానని, దీక్షలో ఏ తప్పూ లేదని చెప్పాను.

అతను చాలాసేపు ఆలోచించాడు. “ఏ... జెల్లు?” అన్నాడు. తర్వాత సుగుణ వైపు తిరిగాడు. “మిలిట్రీల... మనోళ్లు ఉరికిన్రు గదా. నేను గూడ... ఉరికిననా?”

ఆ పరుగు, దాని ముందరి వారాలు అతనికి గుర్తు లేవు, ఏటా వ్యాసం చదివించినా అది మనసులో నిలవడం లేదు. ఎవరూ నాకు చెప్పలేదు. నేను ఎప్పుడూ అడగలేదు. నన్ను క్షమించగలిగిన ఒకే ఒక్క మనిషి దగ్గర నేను చేసిన తప్పు లేదు. అది నా దగ్గరే ఉంది.

సుగుణ దగ్గర మాత్రం అంతా ఉంది. గోడకు ఆనుకుని నిలబడి విన్నది. “అయితే ఆయన తప్పేం లేకుండెనా?”

“లేదమ్మా.”

“గిన్నేండ్లు నేను ఆయన్ని తిట్టిన. పిల్లల ముంగట తిట్టిన. నీ పిచ్చి భక్తే నిన్ను గిట్ల జేసిందని చెయ్యి వణుకుతుంటే సూసుకుంట తిట్టిన.” ఆమె గొంతు పెరగలేదు. “నా నోటితోని నువ్వు తిట్టిపిచ్చినవు గదన్నా.”

నేను లేచాను.

“పో,” అన్నది. చెప్పులు వేసుకుంటుంటే వెనక నుంచి మళ్లీ అన్నది. “నాకు సెప్పుడు గాదు. గది ఎట్ల రాసినవో గిది గూడ గట్లనే రాయి. గది సదివినోళ్లందరు గిది సదవాలె.”

రాస్తున్నాను. రెండు మాటలు చెప్పి ముగిస్తాను. భక్తులారా, దీన్ని మీ గెలుపుగా ఊరేగించకండి. నేను ఇప్పుడూ ఏ దేవుణ్నీ నమ్మను. అబద్ధం ఆడింది నాస్తికత్వం కాదు, నేను. అయినా ఊరేగిస్తారని తెలుసు. ఊరేగించండి. హేతువాద ఉద్యమ మిత్రులారా, శత్రువుల చేతికి కర్ర ఇచ్చానని మీరంటారు. ఔను. ఆ కర్ర వాళ్లకు దొరకకూడదనే ఇన్నేళ్లు నోరు మూసుకున్నాననుకునేవాణ్ని. అదీ అబద్ధమే. నోరు మూసుకున్నది నా కోసం.

దామోదర్ ఈసారి మాల వేసుకున్నాడో లేదో నాకు తెలియదు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పే పని ఇక నాది కాదు. నాకు మిగిలిన పని ఒక్కటే. ఆ వ్యాసం మీ ఇంట్లో ఉంటే బయటికి తీయండి. ‘ఎముక ఉందన్న పుకారును నమ్మి’ అన్న చోట ‘పుకారు’ అన్న మాట కొట్టేయండి. దాని పైన చేత్తో ఇలా రాసుకోండి: ఇది రాసినవాడే, తెలిసీ, నాంపల్లిలో చాయ్ తాగుతూ, చెప్పిన అబద్ధం.